పుల్లటి వైను సంగతి

టొరినో, ఇటలీ,
అక్టోబరు 20

ఒరేయ్ శ్రీనూ,

"వస్తున్నానుగా, మంచి రెడ్ వైన్ ఏదో చూసిపెట్టు" అని ఒక్క ముక్క చెప్పి ఫోన్ పెట్టేశావు. అది ఒక్క ముక్కలో తేలదురా, అందుకే ఈ ఉత్తరం.

ఎవర్నడిగినా ముందు బరోలో పేరే చెబుతారు. గొప్పదే, కాదన్ను. కానీ అది పండగపూట పట్టుచీర లాంటిది. ఈ పియెమొంతే ప్రాంతంలో మామూలు రోజున భోజనాల బల్ల మీద ఉండేది బార్బెరా. ద్రాక్ష పేరే వైన్ పేరు. సీసా మీద 'బార్బెరా దాస్తి' (అంటే ఆస్తి అనే ఊరి వైపుది) అని ఉంటే కనీసం 90 శాతం ఆ ద్రాక్షే ఉండాలని రూలు. ఇక్కడి పాతవాళ్లు దాన్ని ఆడమనిషిని చేసి 'లా బార్బెరా' అంటారు.

కొత్తలో ఓ రాత్రి నేను ఉత్తదే తాగి, పులిసిపోయిందనుకుని సగం సీసా సింకులో పారబోశాను. దాని గుణమే అది! పులుపెక్కువ, వగరు తక్కువ. పక్కన తిండి లేకపోతే రుచి పలకదు.

కిందటి నవంబరులో మా ఇంటి ఓనరు, పెద్దావిడ, బాన్యా కౌదా చేసి పిలిచింది. చిన్న మట్టిపాత్ర, కింద దీపమంత మంట. అందులో ఆలివ్ నూనె, ఉప్పులో ఊరిన ఆంచోవీ చేపలు, మనిషికో వెల్లుల్లి గడ్డ చొప్పున! సన్నసెగ మీద చేపా వెల్లుల్లీ కరిగి గుజ్జయిపోతాయి. క్యాప్సికం, క్యాబేజీ ఆకు, కార్దో అనే కాడ అందులో ముంచి, నూనె కారకుండా కింద రొట్టెముక్క పట్టుకుని తినాలి. నాలుగు ముద్దలకే నోరంతా జిడ్డు. అప్పుడు ఒక్క గుక్క బార్బెరా పడిందనుకో, ముద్దపప్పూ నెయ్యీ తిన్న నోట్లో పచ్చిపులుసు పడ్డట్టే! మళ్లీ ఆకలి మొదలు. ఆఖర్న అడుగున మిగిలినదాంట్లో గుడ్డు కొట్టి కలిపింది. అసలు రుచి అక్కడుంది.

మాంసం కూరిన ఆన్యొలోత్తి పాస్తాకీ, సలామీకీ, టమాటా సాస్ వేసిన దేనికైనా ఇది నప్పుతుంది. మన మటన్ కూరతోనూ చూశాను. కారం మామూలుగా వేస్తే గొంతు మండిపోయింది, ఆల్కహాల్ 14 శాతం మరి. సగం తగ్గించాక కుదిరింది. స్వీట్లతో మాత్రం వద్దు.

దీనికీ చెడ్డరోజులొచ్చాయి. 1986లో కొందరు చవక వైన్లలో మిథనాల్ కలిపితే ఇరవైమందికి పైగా పోయారు, బార్బెరా పేరు బాగా దెబ్బతింది. అంతకుముందే జాకొమో బొలోన్యా అనే ఆయన 1982 పంటను చిన్న ఓక్ పీపాల్లో పెట్టి, ఇదీ ఖరీదైన వైన్ కాగలదని చూపించాడు. అలాంటివి బాగుంటాయి గానీ, మా పెద్దావిడ మూతి విరుస్తుంది, "కర్ర వాసన" అని. నా ఓటూ ఆవిడకే.

నువ్వు శుక్రవారానికి చేరేలా టికెట్ తీసుకో. శనివారం రాత్రి బాన్యా కౌదా. ఆదివారం ఎవరినీ కలుస్తానని మాటివ్వకు, ఆ వెల్లుల్లి వాసన మర్నాడు సాయంత్రం దాకా వదలదు.

నీ
రాజు