సంతకం సీను వదిలేసిన వ్యాసం

సంపాదకులకు,

మీ ఆదివారం అనుబంధంలో 'ఎ క్లాక్‌వర్క్ ఆరెంజ్' మీద వచ్చిన వ్యాసం బాగుంది. స్టాన్లీ కుబ్రిక్ 1971లో తీసిన ఆ సినిమా గురించి అంత ఓపిగ్గా రాసేవాళ్లు తక్కువ. అయితే అందులో రెండు తప్పులు దొర్లాయి. అసలు సంగతొకటి రాయకుండా వదిలేశారు.

'బ్రిటన్ ప్రభుత్వం నిషేధించిన సినిమా' అని రాశారు. అలాంటి నిషేధం ఎన్నడూ లేదు. అక్కడి సెన్సార్ బోర్డు ఒక్క కట్ కూడా చెప్పకుండా ఎక్స్ సర్టిఫికెట్ ఇచ్చింది. అంటే 18 నిండినవాళ్లు చూడొచ్చు. 1972 జనవరి నుంచి లండన్‌లో ఏడాదికి పైగా ఆడింది. కొన్నిచోట్ల స్థానిక కౌన్సిళ్లు తమ పరిధిలో ఆపుకొన్నాయి, అంతే. కుర్రాళ్లు చేసిన నేరాలను పత్రికలు ఈ సినిమాకు అంటగట్టడం, ఇంటికి బెదిరింపులు రావడం మొదలయ్యాక కుబ్రికే వార్నర్ బ్రదర్స్‌తో మాట్లాడి 1973లో బ్రిటన్‌లో ప్రదర్శనలు ఆపించారు. ఆయన 1999 మార్చిలో కన్నుమూశారు. 2000లో గానీ బొమ్మ మళ్లీ అక్కడి హాళ్లకు రాలేదు. ప్రదర్శనలు ఆగి ఉన్న ఆ ఏళ్లలోనే లండన్‌లోని స్కాలా అనే హాలు దాన్ని అనుమతి లేకుండా వేసి కోర్టులో ఓడిపోయింది. అది కాపీరైట్ కేసు. అశ్లీలమనో హింస అనో పెట్టింది కాదు. నిజానికి కత్తెర పడింది అమెరికాలో. అక్కడి ఎక్స్ రేటింగ్‌ను, పెద్దల తోడుతో పిల్లలూ చూడగల ఆర్‌గా మార్పించుకోడానికి 1972లో కుబ్రిక్ సుమారు 30 సెకన్ల దృశ్యాలు తీసేసి వేరేవి పెట్టారు.

ఇక రెండోది. కథానాయకుడు అలెక్స్ హింసకు అలవాటుపడి జైలుకెళ్లిన కుర్రాడు. హింసంటేనే ఒళ్లు తిరిగేలా చేసే లుడోవికో చికిత్సతో అతను 'మంచివాడిగా మారతాడు' అన్నారు. చికిత్స ఎలా చేస్తారో ఒకసారి జాగ్రత్తగా చూడండి. భోజనమయ్యాక సూది మందు ఇస్తారు. చేతులు కదలకుండా చొక్కా బిగించి, తలకు పట్టీ కట్టి, రెప్పలు వాలకుండా క్లిప్పులు పెట్టి తెర ముందు కూర్చోబెడతారు. కళ్లు ఎండిపోకుండా పక్కనే ఒకాయన చుక్కలు వేస్తుంటాడు. (ఆ క్లిప్పులు నిజమైనవే, చుక్కలు వేసిందీ నిజం డాక్టరే. అయినా అలెక్స్ వేషం వేసిన మాల్కమ్ మెక్‌డొవెల్ కంటిపొర గీసుకుపోయింది.) తెర మీద కొట్లాటలు, అత్యాచారం నడుస్తుండగా మందు తలకెక్కి కడుపులో తిప్పడం మొదలవుతుంది. ముందు దృశ్యం, దాని వెనకే వికారం. ఈ వరస తిరగబడితే రెండింటికీ ముడి సరిగా పడదు. రష్యా శాస్త్రవేత్త పావ్లోవ్ చెప్పిన పద్ధతే ఇది.

దీనివల్ల కోరిక చావదు. వేదిక మీద జరిగే పరీక్షలో ఒకడు అలెక్స్‌ను అవమానించి బూటు అడుగు నాకిస్తాడు. అలెక్స్‌కు తిరగబడాలనే ఉంటుంది, కానీ వికారం ముంచుకొచ్చి ఆపేస్తుంది. జైలు పాదిరి అభ్యంతరం దాని గురించే. వీడు తప్పు చేయడం లేదు సరే, కానీ ఎంచుకునే శక్తి కూడా పోయింది కదా అంటాడు. అవన్నీ సూక్ష్మాలు, మాకు కావలసింది నేరాలు తగ్గడం, జైళ్లు ఖాళీ కావడం అని మంత్రి కొట్టిపారేస్తాడు. ఈ సినిమాకు ఆధారమైన ఆంథొనీ బర్జెస్ నవల 21వ అధ్యాయంలో అలెక్స్ తనంతట తానే విసిగి దారి మార్చుకుంటాడు. అప్పటి అమెరికా ముద్రణలో ఆ అధ్యాయం లేదు, కుబ్రిక్ ఆ ముద్రణనే పట్టుకున్నారు. అందుకే సినిమాలో మారిన మనిషి ఎక్కడా కనిపించడు.

శాస్త్రం లెక్కన చూసినా ఈ చికిత్స మీద అనుమానమే. 1966లో గార్సియా, కోలింగ్ ఎలుకల మీద చేసిన ప్రయోగంలో వికారం రుచికి అంటుకుంది గానీ వెలుగుకూ చప్పుడుకూ అంటుకోలేదు. వాటికి అంటుకున్నది కరెంటు షాకు. ఆ లెక్కన అలెక్స్‌కు హింస కన్నా ఆ పూట తిన్న కూర మీదే ఏవగింపు పుట్టాలి! పైగా మందు ఆపి అవే దృశ్యాలు పదేపదే చూపిస్తే పడిన ముడి కూడా మెల్లగా వీడిపోతుంది.

ఇప్పుడు వదిలేసిన సంగతి. 14 ఏళ్ల శిక్షలో రెండేళ్లు గడిపిన అలెక్స్‌కు, ఈ చికిత్సకు ఒప్పుకుంటే రెండు వారాల్లో విడుదల అని ఆశ చూపిస్తారు. జైలు పెద్ద (గవర్నర్) బల్ల దగ్గర ఒప్పంద కాగితం మీదికి వంగి చదవబోతే, చదవడం కాదు సంతకం పెట్టు అని చీఫ్ గార్డు గద్దిస్తాడు. తర్వాత డాక్టరమ్మను సూది ఎందుకని, విటమిన్లా అని అడిగితే అలాంటిదే అంటుంది. స్వేచ్ఛ గురించిన సినిమాకు గుండెకాయ ఈ రెండు చిన్న సీన్లే.

ఇలాంటి చికిత్స వట్టి కల్పన అనుకోవద్దు. అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఖైదీలను ఉంచే ఒక వైద్య కేంద్రంలో పొద్దున లేవకపోయినా, బూతు మాట్లాడినా, అబద్ధమాడినా అపోమార్ఫిన్ ఇంజెక్షన్ ఇచ్చేవారు. మరుగుదొడ్డి తప్ప ఇంకేమీ లేని గదిలోకి తీసుకెళ్లి సూది వేసి, వ్యాయామం చేయించేవారు. పావుగంటలో వాంతులు మొదలై, పావుగంట నుంచి గంట దాకా సాగేవి. 1973లో ఫెడరల్ అప్పీలు కోర్టు, ఒప్పుకోని ఖైదీకి ఇలా చేయడం రాజ్యాంగం నిషేధించిన క్రూరమైన శిక్షేనని తేల్చింది. ఇకపై చేయాలంటే షరతులు పెట్టింది. చికిత్స స్వభావం, ఉద్దేశం, ప్రమాదాలు వివరించి రాతపూర్వక సమ్మతి తీసుకోవాలి. ఖైదీకి అర్థమైందని డాక్టరు ధ్రువీకరించాలి. సమ్మతిని ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. ఒక్కో ఇంజెక్షన్‌కూ డాక్టరు విడివిడిగా అనుమతి ఇవ్వాలి.

నిషేధం విషయంలో సవరణ వేసేటప్పుడు ఈ సంతకం సీను ప్రస్తావన కూడా చేర్చగలరు.

ఇట్లు,
మీ పాఠకులు