పాత ప్రయాణికుల పాయింట్లకు రక్షణ ఏది?

సంపాదకులకు నమస్కారం.

అమెరికాలో ఉన్న మా అమ్మాయి దగ్గరకు వెళ్లడానికి నేను, నా భార్య తొమ్మిదేళ్లుగా ఒకే విదేశీ విమాన సంస్థను నమ్ముకున్నాము. రేణిగుంట నుంచి నేరుగా విమానం లేదు కాబట్టి తెల్లవారకముందే బయలుదేరి చెన్నై చేరి, ఆ సంస్థ విమానమే ఎక్కేవాళ్లము. వేరే సంస్థలో టికెట్ చవకగా దొరికినా, ప్రయాణించినప్పుడల్లా సంస్థ ఇచ్చే, తర్వాత ఉచిత టికెట్‌కు వాడుకోగల పాయింట్లు పోగవుతాయన్న ఆశతో వదులుకున్నాము.

ఒకే తరగతిలో, పక్కపక్క సీట్లకే, కొన్న రోజును బట్టి, అక్షరాలతో గుర్తించే ఛార్జీ శ్రేణిని బట్టి ధర మారుతుందని, చవక శ్రేణికి పాయింట్లు తక్కువ వస్తాయని మాకు ఆలస్యంగా తెలిసింది. పూర్వం ప్రయాణించిన దూరాన్ని బట్టి ఈ పాయింట్లను మైళ్ల పేరుతో ఇచ్చేవారు. 2015లో అమెరికా విమాన సంస్థలు డెల్టా, యునైటెడ్ చెల్లించిన డబ్బును బట్టి ఇవ్వడం మొదలుపెట్టగా, మరికొన్ని సంస్థలు ఆ దారే పట్టాయి. మా సంస్థ ఈ ఏడాది ఉచిత టికెట్‌కు కావలసిన పాయింట్లను ముందస్తు సమాచారం లేకుండా పెంచింది. పైగా ఆ ఉచిత టికెట్‌కూ పన్నులతోపాటు ఇంధన సర్‌ఛార్జీని, అంటే ఇంధన ఖర్చు పేరిట వేసే అదనపు రుసుమును, నగదుగా కట్టమంటోంది. ఇది మాకు ఎంతో బాధ కలిగించింది.

మన దేశంలో 1994 నుంచి ఛార్జీల నిర్ణయం సంస్థల చేతిలోనే ఉంది, దానికి నేను వ్యతిరేకిని కాను. అయితే పాయింట్ల విలువ తగ్గించేముందు కనీసం ఆరు నెలల గడువు ఇవ్వాలని, టికెట్ కొనేటప్పుడే దానికి వచ్చే పాయింట్లను తెలుగులోనూ చూపాలని పౌర విమానయాన శాఖ ఆదేశించాలి.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, తిరుపతి