వార్షిక నివేదిక: పోటీ పెట్టని ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా జరిగే పనులన్నీ ఈ ఏడాదీ జరిగాయి. సభ్యత్వాల రెన్యూవల్ అయింది, హాలుకు సున్నం వేయించాం, పుస్తకాల బీరువాకు తాళం మార్చాం. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఇక ఏడాది పొడవునా నన్ను ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఒకటుంది: పిల్లల చిత్రలేఖనం పోటీ ఈసారి ఎందుకు పెట్టలేదు? ఈ నివేదికలో చాలా భాగం దానికి జవాబే.

పోటీ ఆపుదామన్న మాట కార్యవర్గంలో వచ్చినప్పుడు గట్టిగా అడ్డుపడింది నేనే. బహుమతి లేకపోతే పిల్లలు ఎందుకొస్తారు అన్నాను. అప్పుడు టీచరుగా పనిచేసే సభ్యురాలొకరు 1973లో అచ్చయిన ఒక పరిశోధన సంగతి చెప్పారు. అమెరికాలో మార్క్ లెపర్, డేవిడ్ గ్రీన్, రిచర్డ్ నిస్బెట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు ఒక నర్సరీ బడిలో, బొమ్మలు వేయడమంటే అప్పటికే ఇష్టమున్న పిల్లల్ని ఎంచుకున్నారు. కొందరికి, బొమ్మ వేస్తే బంగారు నక్షత్రం, రిబ్బను ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని ముందే చెప్పారు. కొందరికి ముందు చెప్పకుండా, వేశాక ఇచ్చారు. మిగతావాళ్లకు ఏమీ ఇవ్వలేదు. ఒకటి రెండు వారాల తర్వాత, ఎవరూ ఏమీ చెప్పకుండా రంగు పెన్నులు అక్కడ పెట్టి చూశారు. బహుమతి వస్తుందని ముందే తెలిసి వేసిన పిల్లలు మిగతావాళ్లతో పోలిస్తే దాదాపు సగం సేపే వాటితో గడిపారు. ఇష్టంగా చేసే పని కూలి పనిలా మారిపోయిందన్నమాట. ఇది విన్నాక నేను ఓడిపోయానని అనను గానీ, ఒక ఏడాది చూద్దామన్నాను.

పోటీ బదులు ‘ఆదివారం గంట’ మొదలుపెట్టాం, అంటే ఆదివారం ఒక గంట పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుని బొమ్మలు వేయడం. మొదటి ఆరు వారాలు హాల్లో, ఆ తర్వాత ఎవరింట్లో వాళ్లు. షరతులు మూడే. పెద్దవాళ్లు కూడా కూర్చుని ఏదో ఒకటి చేయాలి. పక్కవాళ్ల బొమ్మ దిద్దకూడదు. రబ్బరు వాడకూడదు. ఫోన్ల గురించి షరతేమీ పెట్టలేదు, రంగు అంటిన వేళ్లతో వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

పిల్లలతో ఇబ్బందేమీ రాలేదు. ఇబ్బందంతా మనతోనే. తెల్ల కాగితం ముందు పెట్టగానే పెద్దవాళ్లలో చాలామంది ‘నాకు గీయడం రాదండీ’ అని కుర్చీ వెనక్కి జరిపారు. బతిమాలితే వేసినవి ఒకేలా ఉన్నాయి: రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద ఒక ఇల్లు. నాదీ అదే. పిల్లల కళ గురించి కళావిద్య ఆచార్యుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లోనే వివరంగా రాశారు. సుమారు తొమ్మిది నుంచి పన్నెండేళ్ల మధ్య పిల్లలు తమ బొమ్మను నిజమైన వస్తువుతో పోల్చి చూసుకోవడం మొదలుపెడతారు. కుదరడం లేదనిపిస్తే చాలామంది అక్కడితో మానేస్తారు. అంటే మనం గీయలేనివాళ్లం కాదు, పదేళ్లప్పుడు మానేసినవాళ్లం. ఈ మాట చెప్పాక కొందరు కుర్చీ మళ్లీ ముందుకు జరుపుకున్నారు.

దిద్దకూడదన్న షరతు అన్నిటికంటే కష్టమైంది. మూడు నాలుగేళ్ల పిల్లలు మనిషిని వేస్తే ఒక గుండ్రని తల, దాని కిందనుంచే నేరుగా రెండు కాళ్లు. పొట్ట ఉండదు. ఈ బొమ్మ చాలా దేశాల పిల్లల్లో కనిపిస్తుంది, ఆ వయసుకు అది తప్పు కాదు. రెండో వారంలోనే ఒక తండ్రి పాప చేతిలోని క్రేయాను తీసుకుని పొట్ట వేసేశారు. పాప కాగితం తిప్పేసి వెనకవైపు మళ్లీ తనకు నచ్చిన మనిషినే వేసుకుంది. ఆరేడేళ్ల పిల్లలు ఇంటి గోడ గీసి, లోపలున్న మనుషుల్ని కూడా గోడలోంచి కనిపించేలా వేస్తారు. కళ్లకు కనిపించేది కాదు, తమకు తెలిసినది గీస్తారు. అందుకే ‘ఇదేంటి?’ అని నిలదీసే బదులు ‘దీని గురించి చెప్పు’ అనమన్నాం. అలా అడిగిన ఇళ్లలో బొమ్మ కంటే కబుర్లే ఎక్కువసేపు సాగాయని విన్నాను.

కాగితాల ఖర్చు తగ్గించడానికి హాల్లో ఒక పెట్టె పెట్టాం, ఒకవైపు వాడిన కాగితాలు వేయమని. ముఖ్యమైన కాగితాలు పొరపాటున పడతాయేమోనని ఒకాయన బెంగపడ్డారు. ఆయన కోసం ఈ సంగతి: 1859లో అచ్చయిన డార్విన్ గారి పరిణామ గ్రంథం రాతప్రతి చాలావరకు పోయింది. మిగిలిన పేజీల్లో కొన్ని, వెనకవైపు ఆయన పిల్లలు బొమ్మలు వేసుకోబట్టి ఇంట్లో దాచినవి. కూరగాయలు, పండ్లు సైనికులై గుర్రాలెక్కి యుద్ధం చేసే బొమ్మ వాటిలో ఒకటి. మన పెట్టెలో అంత విలువైనవేమీ పడలేదు, ఎక్కువగా పాత బిల్లులే.

పెద్దవాళ్లకు దీనివల్ల ఏమొస్తుందని అడిగినవారికి: 2016లో అమెరికాలో పరిశోధకురాలు గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్ల చేత 45 నిమిషాలు మట్టి, రంగులు, కాగితం ముక్కలతో నచ్చింది చేయించింది. నలుగురిలో సుమారు ముగ్గురికి కార్టిసోల్, అంటే టెన్షన్‌లో పెరిగే హార్మోను, తగ్గింది. ముందు అనుభవం ఉన్నా లేకపోయినా పెద్ద తేడా రాలేదు. చిన్న అధ్యయనం కాబట్టి నేను దీన్ని మందుల చీటీలా చూపించను. నా మటుకు నాకు ఆ గంటలో కాలం తెలియలేదు, అంతే.

ఇక జరిగిన పొరపాట్లు. మట్టి బొమ్మల రోజున చేతులు సింకులో కడిగించాం. మట్టి పైపులో గట్టిపడి, ప్లంబరును పిలవాల్సి వచ్చింది. తప్పు నాది. ఇప్పుడు బకెట్లో కడిగించి, మట్టి అడుగుకు చేరాక పైనీళ్లు మాత్రమే పారబోస్తున్నాం. పరీక్షల నెలల్లో చాలా ఇళ్లలో గంట ఆగిపోయింది, కొన్నింట్లో మళ్లీ మొదలవలేదు. కౌమారంలో ఉన్న పిల్లల్ని మనం ఆకట్టుకోలేకపోయాం. వాళ్లు వచ్చారు, ఒక మూల కూర్చున్నారు, వెళ్లిపోయారు. వాళ్లనే అడిగి కార్యక్రమం వేయాల్సిందని ఇప్పుడనిపిస్తోంది.

ఏడాది చివర ప్రదర్శనలో పేర్లు, వయసులు రాయకుండా అందరి బొమ్మలూ కలిపి తగిలించాం. ఎవరిది ఏదో గుర్తుపట్టలేక జనం తికమకపడ్డారు. అందరూ ఏ చిన్నపిల్లవాడిదో అనుకున్న ఎర్ర ఏనుగు ఒక నాయనమ్మ గారిదని తేలింది. ఆవిడ ఏమీ సిగ్గుపడలేదు, ఇంకో మూడు ఏనుగులు ఇంట్లో ఉన్నాయన్నారు. ఒక బాబు మాత్రం వెళ్లేటప్పుడు నా చెయ్యి పట్టుకుని ‘ఇంతకీ ఫస్ట్ ఎవరు?’ అని అడిగాడు.

తగిలించిన బొమ్మలు హాల్లోనే ఉన్నాయి, తీసుకెళ్లగలరు. అన్నీ దాచడం ఎవరికీ కుదరదు. ఏది ఉంచాలో పిల్లల్నే ఎంచుకోనివ్వండి, వెనక తేదీ వేయండి, మిగతావాటికి ఫోటో తీసుకోండి.

పోటీ మళ్లీ పెట్టాలని కొందరు సభ్యులు రాతపూర్వకంగా కోరారు. సర్వసభ్య సమావేశంలో ఓటుకు పెడతాం. ఈసారి నా ఓటు వద్దనే. సమావేశానికి వచ్చేటప్పుడు ఒకవైపు వాడిన కాగితాలుంటే తెండి, పెట్టె ఖాళీ అయింది.

ఇట్లు,
కార్యదర్శి