లీలామహల్ సర్కిల్ దగ్గరి ఆటో అన్నకు

మొన్న పొద్దున తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గర మా పిల్లి బుట్టలోంచి దూకి బస్సు కిందికి దూరింది. ఆటో పక్కకాపి పరుగెత్తుకొచ్చిన అన్నకు వెయ్యి దండాలు. ఆ కంగారులో పేరు కూడా అడగలేదు.

మా ఇంట్లో ఉన్నవన్నీ రోడ్డు మీద దొరికినవే. బుజ్జమ్మది మూడు రంగుల ఒళ్ళు (అలాంటివి దాదాపు అన్నీ ఆడవే), ఇంటి పెత్తనమంతా దానిదే. నల్లోడు బీరువా మీదినుంచి దిగడు. మూడుకాళ్ళ సీతాలు ఎవరొచ్చినా ఒళ్ళో ఎక్కి కూర్చుంటుంది, గ్యాస్ బండ తెచ్చే అబ్బాయినీ వదలదు. ఆ రోజు దూకింది ఎర్రోడు. మూత్రం రాక అరుస్తుంటే వెటర్నరీ కాలేజీ ఆసుపత్రికి తీసుకుపోతున్నా. మగపిల్లులకు ఇది ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి తెస్తుంది.

అన్న భుజం మీది తువ్వాలు వాడి మీద కప్పి, తలొక్కటే బయటికుంచి పొట్లంలా చుట్టేశాడు. చేతినిండా గీతలు. "ఏం కాదులేక్కా, ఎక్కు" అని ఆసుపత్రి గేటు దాకా దింపాడు. డబ్బులిస్తే ముట్టలేదు.

డాక్టరు గొట్టం వేసి మూత్రం తీశారు. ఎర్రోడు మళ్ళీ సీతాలు గిన్నెలో మూతి పెడుతున్నాడు.

అన్నా, పిల్లి గీరినా రేబిస్ టీకా వేయించుకోవాల్సిందే. ప్రభుత్వాసుపత్రిలో ఊరికే వేస్తారు, ఇంకా వేయించుకోకపోతే ఈరోజే పో.