వైజాగ్ ఒక్కరోజు ట్రిప్పు: తొమ్మిది చోట్లు ఐదెందుకయ్యాయంటే

మా వ్యానులో బుక్ చేసుకున్నవాళ్ళకీ, ఇకపై చేసుకోబోయేవాళ్ళకీ ఈ కబురు. ఒక్కరోజు ట్రిప్పులో ఇన్నాళ్ళూ తొమ్మిది చోట్లు తిప్పేవాళ్ళం. ఇక ఐదే: ఎర్రమట్టి దిబ్బలు, తొట్లకొండ, కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, ఆర్కే బీచ్. పైగా తలకి 150 రూపాయలు పెంచుతున్నాం. చోట్లు తగ్గించి డబ్బు పెంచడమేమిటని మీరు అడుగుతారు, అడగాలి కూడా.

తొమ్మిదీ చూపిస్తే భోజనం మూడున్నరకి పడేది. ఆ వేళకి చేపల హోటల్లో మంచి ముక్కలు అయిపోతాయి. మిగిలేవి ముందెప్పుడో వేయించినవి, వాటినే మళ్ళీ నూనెలో వేసి ఇస్తారు. అంచులు చెక్కలా బిగుసుకుపోయి, లోపల పీచుపీచుగా ఉంటుంది. ఇంకో సంగతీ చెప్పాలి. మేం ఆపే హోటలు మాకు కమీషన్ ఇచ్చేది. అది మీ ప్లేటు ధరలోంచి వచ్చిన డబ్బే. అది తప్పు, మానేశాం. పెరిగిన 150 దానికి బదులు. ఇక బిల్లు మీరే నేరుగా కట్టండి, ఆ హోటలు నచ్చకపోతే పక్కదానికి వెళ్ళండి.

పొద్దున్న ఆరున్నరకి ఆర్టీసీ కాంప్లెక్స్ బస్టాండు దగ్గర బయలుదేరి, టిఫిన్ చేసి, ముందు భీమిలి వైపు దిబ్బలకి వెళ్తాం. అక్కడ అంచులెక్కి ఫొటోలు దిగొద్దు. చూడ్డానికి గట్టిగా ఉన్నా ఆ మట్టి కాలి కింద జారిపోతుంది. తిరుగుదారిలో తొట్లకొండ. సుమారు 2 వేల ఏళ్ళ నాటి బౌద్ధ విహారం, 1976లో నేవీ విమాన సర్వేలో బయటపడింది. రాతిలో తొలిచిన నీటి తొట్లను బట్టే ఆ పేరు. కొండ మీద నీడ తక్కువ కాబట్టి టోపీ, తలకో లీటరు నీళ్ళు తప్పనిసరి.

కొండ దిగేముందే హోటలుకి ఫోన్ చేసి మీ ఆర్డరు చెప్తాం, పన్నెండున్నరకి కూర్చుంటారు. వంజరం వేపుడు చెప్పేటప్పుడు ముక్క వేలెడు మందం ఉండాలని అడగండి. పల్చగా కోస్తే ఎండిపోతుంది. మందంగా కోసి పెద్ద మంట మీద పెడితే పైన మాడి, ముల్లు దగ్గర పచ్చిగా మిగులుతుంది. సన్న మంట మీద ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు పడుతుంది, తొందర పెట్టకండి. ఎప్పుడైనా ఆలస్యమైతే వేపుడు వదిలేసి పులుసు చెప్పండి. పొద్దున్న కాచిన చేపల పులుసు మధ్యాహ్నానికి ఊరి ఇంకా బాగుంటుంది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని మరబోట్ల వేట ఆపేస్తారు. ఆ రోజుల్లో దొరికే వంజరం చాలావరకు ఐసులో దాచిందే. తాజా చేప తినిపిస్తామని ఆ రెండు నెలలూ మేం చెప్పం. చెరువు రొయ్యల ఇగురో, నాటుకోడి కూరో తినండి.

కురుసురకి సోమవారం సెలవు, అందుకే ఇక సోమవారం ట్రిప్పు లేదు. 1969 నుంచి 2001 దాకా నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామి అది, ఇప్పుడు బీచ్ ఒడ్డున మ్యూజియం. లోపల గుండ్రటి తలుపులు చిన్నవి, నడుం వంచి కాలెత్తి దాటాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు బయట బీచ్ గోడ మీద కూర్చోవడమే మేలు.

కైలాసగిరి చూసుకుని సాయంత్రం ఆర్కే బీచ్‌కి చేరతాం. మురీ (మరమరాల) మిక్చర్‌లో నిమ్మకాయ ఆఖర్న, మీ ఎదుటే పిండమనండి. ముందే తడి తగిలితే మురీలు మెత్తబడతాయి, సముద్రపు గాలికి ఎలాగూ ఐదు నిమిషాల్లో సాగుతాయి. నీళ్ళలోకి మాత్రం దిగొద్దు, ఇక్కడ లోపలికి లాగే ప్రవాహాలున్నాయి.

ఊరితో కలిపి అరకు కూడా ఒక్కరోజులో చూపించే ప్యాకేజీ పూర్తిగా తీసేశాం. ఒకవైపే సుమారు 115 కిలోమీటర్లు, అందులో ఘాట్ రోడ్డు. రోజంతా బండిలోనే గడిచిపోయేది, బొర్రా గుహలు పరుగులో చూసేవారు. అరకుకి విడిగా రెండు రోజులు పెట్టుకోండి. బొంగు చికెన్ మాత్రం పచ్చి వెదురులో కాల్చిందే అడగండి. వెదురులోని తడితోనే కోడి మగ్గుతుంది, ఎండు బొంగైతే కాలిపోయి మాంసానికి పొగ వాసన పడుతుంది.

ఇప్పటికే బుక్ చేసినవాళ్ళకి పాత ధరే. ఐదు చోట్లు చాలవనిపించినా, సోమవారం బుకింగ్ అయినా, ప్రయాణానికి ముందురోజు సాయంత్రంలోగా చెప్పండి, మొత్తం డబ్బు తిరిగిస్తాం.