మంచు ప్రాంతాలకు వెళ్లేవారి దుస్తుల గురించి

సంపాదకులకు నమస్కారం.

సంక్రాంతి సెలవుల్లో మనాలి, గుల్‌మార్గ్ వెళ్లదలచిన కుటుంబాల కోసం మీ పత్రికలో వచ్చిన కథనం చదివాను. ప్రయాణం, బస, చూడదగ్గ స్థలాలు అన్నీ వివరంగా రాశారు. దుస్తుల విషయం మాత్రం "ఉన్ని బట్టలు వెంట తీసుకెళ్లాలి" అన్న ఒక్క వాక్యంతో ముగించారు. రెండేళ్ల క్రితం మా టూరు నిర్వాహకుడు కూడా సరిగ్గా ఇదే మాట చెప్పాడు. అది నమ్ముకుని, మంచు ఎన్నడూ చూడని ఆరుగురం బయలుదేరి ఇబ్బంది పడ్డాం కాబట్టి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మన భాషలో తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డు కనపడకుండా కమ్ముకునేదీ మంచే, హిమాలయాల మీద పేరుకునేదీ మంచే. "మంచు పడుతోంది, తలకి ఏదైనా చుట్టుకో" అని పెద్దలు చెప్పగా విని పెరిగినవాళ్లం గనుక, ఆ మాట వినగానే మనకు మంకీ క్యాపు, మఫ్లరు, శాలువా గుర్తుకొస్తాయి. డిసెంబరులో లంబసింగి వెళ్లేవారికి, ఆదిలాబాదు చలికి అలవాటుపడినవారికి అవి చాలు కూడా. కానీ పేరుకున్న మంచులో నడిచినప్పుడు, కూర్చున్నప్పుడు, పిల్లలు అందులో ఆడినప్పుడు అది బట్టలకు అంటుకుని, ఒంటి వేడికి కరిగి నీరవుతుంది. గాలి కంటే నీరు దాదాపు 25 రెట్లు వేగంగా ఒంట్లోని వేడిని లాగేస్తుంది. అందువల్ల దుస్తులు ఎంత మందంగా ఉన్నాయన్న దానికంటే, అవి ఎంతసేపు పొడిగా ఉండగలవన్నది ముందుగా చూసుకోవాలి.

మేము జనవరిలో వెళ్లాం. మనాలి సుమారు 2,050 మీటర్ల ఎత్తున ఉంటుంది. అక్కడ ఎండ కాసిన ఉదయం మా స్వెట్టర్లు సరిపోతాయనే అనిపించింది. 2020 అక్టోబరులో ప్రారంభమైన అటల్ సొరంగంలో 9.02 కిలోమీటర్లు ప్రయాణించి, అవతల లాహౌల్ లోయలో ఉన్న సిస్సు అనే ఊరు చేరేసరికి మరో వెయ్యి మీటర్లు పైకి వెళ్లినట్టయింది. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఉష్ణోగ్రత సుమారు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. దానికి గాలి తోడవుతుంది. మైనస్ 5 డిగ్రీల దగ్గర గంటకు 30 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తే, ఒంటికి అది మైనస్ 13 డిగ్రీల చలిలా తగులుతుంది. మా అమ్మాయి జీన్స్ ప్యాంటు మోకాళ్ల దాకా తడిసి, ఎంతసేపటికీ ఆరక బిగుసుకుపోయింది. మా వదినగారి నేత చీర కుచ్చిళ్లు మంచునీళ్లు పీల్చుకుని కాళ్లకు చుట్టుకుపోయాయి. నాలుగేళ్ల మనవణ్ణి ఎత్తుకుని తిరిగిన మా అల్లుడికి చెమట పట్టడంతో, పిల్లవాడికీ వెచ్చగానే ఉంటుందనుకున్నాం. నడిచేవారి ఒంట్లో పుట్టే వేడి, కదలకుండా చంకనున్న బిడ్డ ఒంట్లో పుట్టదన్న సంగతి వాడి వేళ్లు తాకి చూశాక గాని మాకు తట్టలేదు. ఆ వేళ్లు గుర్తొస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఒకే మందపాటి స్వెట్టరు కంటే పలుచని మూడు వరుసలు మేలు, ఎందుకంటే వెచ్చదనాన్ని నిలిపేది ఆ వరుసల మధ్య చిక్కుకున్న గాలి. కాశ్మీరీలు తొడుక్కునే ఫెరన్ అంత వదులుగా ఉండటంలోనూ ఈ ఉపయోగం ఉంది. ఒంటిని అంటిపెట్టుకుని ఉండే మొదటి వరుసకు నూలు బనియన్లు పనికిరావు. అవి చెమటను పీల్చి తమలోనే ఉంచుకుంటాయి. ఉన్నితోనో పాలిస్టరుతోనో చేసిన థర్మల్స్ కావాలి. థర్మల్స్ పేరుతో మన ఊళ్లలో అమ్మేవాటిలో నూలు పాలు ఎక్కువగా ఉన్నవీ ఉంటాయి కనుక లోపలి చీటీ చదివి కొనాలి. వాటిపైన ఉన్ని స్వెట్టరు గానీ, ఫ్లీస్ అనే మెత్తని నూగున్న సింథటిక్ బట్టతో కుట్టిన జాకెట్టు గానీ వేసుకోవచ్చు. చలికాలంలో మన పట్టణాలకు టిబెటన్లు తెచ్చి అమ్మే స్వెట్టర్లు ఇందుకు చక్కగా సరిపోతాయి. అన్నిటికీ పైన గాలినీ నీటినీ లోపలికి రానివ్వని జాకెట్టు, ప్యాంటు ఉండాలి. ఈకలు నింపిన జాకెట్లు తేలికగా, వెచ్చగా ఉన్నా తడిస్తే వెచ్చదనం పోతుంది. చెమట పట్టబోతున్నదని తోచగానే మధ్య వరుస తీసివేయడం, ఆగినప్పుడు మళ్లీ వేసుకోవడం అలవాటు చేసుకోవాలి.

పాదాల విషయంలో మనం చేసే పొరపాటు బిగుతుగా ఉన్న బూట్లలో రెండు జతల సాక్సులు తొడగడం. దానివల్ల రక్తప్రసరణ తగ్గి వేళ్లు మరింత చల్లబడతాయి. మందమైన ఉన్ని సాక్సులు ఒక్క జత, లోపల వేళ్లు కదిపే వీలున్న బూట్లు చాలు. మనాలి నుంచి సోలంగ్ వైపు వెళ్లే దారిలో మంచు సూట్లు, గమ్‌బూట్లు అద్దెకిచ్చే దుకాణాలు చాలా ఉన్నాయి. రెండు రోజుల కోసం ఖరీదైనవి కొనలేని కుటుంబాలకు అవి నిజంగా మేలు చేస్తాయి. అయితే తీసుకునేముందు బూటు లోపల చెయ్యి పెట్టి చూడాలి. ముందు వేసుకున్నవారి తడి ఆరకుండానే మాకు రెండు జతలు ఇచ్చారు. థర్మల్స్, సాక్సులు, చేతితొడుగులు మాత్రం ఇంటినుంచే తీసుకెళ్లాలి. ఒక జత పొడి సాక్సులు ప్లాస్టిక్ సంచిలో చుట్టి చేతిసంచిలో ఉంచుకోవాలి.

ఉన్ని చేతితొడుగులు మంచు ముద్దలు పట్టుకోగానే నానిపోతాయి కాబట్టి, పిల్లలకు నీరు అంటని, నాలుగు వేళ్లూ ఒకేచోట ఉండే తొడుగులు మంచివి. తాజా మంచు అతినీలలోహిత కిరణాల్లో 80 శాతం దాకా వెనక్కి కొడుతుంది గనుక, వాటిని అడ్డుకునే కళ్లద్దాలు పిల్లలతో సహా అందరికీ అవసరం.

చీర తప్ప మరొకటి కట్టని పెద్దవారి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మన దగ్గర చాలామంది మొదటిసారి మంచును చూసేది విహారయాత్రలో కాదు, 3,583 మీటర్ల ఎత్తునున్న కేదారనాథ్‌లో. ఏప్రిల్ చివర్లోనో మే నెలలోనో గుడి తలుపులు తెరిచినప్పుడు కూడా అక్కడ మంచు ఉండవచ్చు, దారిలో వాన పడవచ్చు. అలాంటివారిని చీర మానమని ఒత్తిడి చేయనక్కరలేదు. లోపల థర్మల్ ప్యాంటు, నూలు లంగాకు బదులు త్వరగా ఆరే పాలిస్టరు లంగా, చీలమండల పైకి కట్టిన తేలికపాటి సింథటిక్ చీర, పైన పొడవాటి రెయిన్‌కోటు ఉంటే చాలావరకు కాపాడతాయి. పంచె కట్టేవారికీ లోపల థర్మల్స్ వేసుకోవడానికి అడ్డేమీ లేదు.

టూరు నిర్వాహకులు ఇచ్చే కాగితాల్లో భోజనం, గది వివరాల పక్కనే, ఏ ఎత్తుకు తీసుకెళ్తారో, అక్కడ ఆ నెలలో చలి ఎంత ఉంటుందో, ఏ దుస్తులు తెచ్చుకోవాలో, ఏవి అద్దెకు దొరుకుతాయో స్పష్టంగా రాయాలని కోరుతున్నాను. మీ పత్రిక కూడా ఇలాంటి యాత్రల ప్రకటనలు వచ్చే పేజీలోనే ఈ వివరాలతో ఒక చిన్న పట్టిక ప్రచురించాలని నా విన్నపం. సంక్రాంతి ప్రయాణాలకు సామాను సర్దుకోవడం డిసెంబరు చివరికే మొదలవుతుంది కనుక, ఆ నెల మొదటివారంలో వస్తే కొనుక్కోవడానికి వ్యవధి ఉంటుంది.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
తెనాలి