అయిదు గుండ్లు, అరవై మూడు కుటుంబాలు

2024 మేలో నేను చివరి వాయిదా చెల్లించాను. 1,800 రూపాయలు. దానితో మొత్తం 3,88,800 రూపాయల బాకీ తీరింది. పదేళ్ల పది నెలలు పట్టింది. ఇది బ్యాంకు బాకీ కాదు, వడ్డీ వ్యాపారి దగ్గర తెచ్చిన అప్పు కాదు. మా ఊరి రైతుల దగ్గర నేను దొంగిలించిన సొమ్ము. దాన్ని తిరిగి ఇచ్చేదాకా నా చెయ్యి వదలనివారికి అందరి ఎదుటా కృతజ్ఞతలు చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. తమ పేర్లు రాయవద్దని వారు కోరారు. అందుకని వరసలతోనే చెబుతాను.

మాది ప్రకాశం జిల్లాలో శనగ పండే నల్లరేగడి ఊరు. 2002 నుంచి 2013 వరకు, పదకొండేళ్లు, కల్లాల దగ్గరే శనగలు కొని పట్నంలో అమ్మేవాడిని. నా దగ్గర ఒక ఇనుప త్రాసు, ఇరవై కిలోల గుండ్లు అయిదు ఉండేవి. అయిదూ పెడితే క్వింటాలు. ఒక్కొక్క గుండు అడుగున నాలుగు వందల గ్రాముల సీసం అదనంగా పోయించాను. రైతు క్వింటాలు అనుకుని తూచిన ప్రతిసారీ నూట రెండు కిలోలు నా సంచిలోకి వచ్చేవి. ఈ సంగతి నాకూ, బస్తాలు ఎత్తే హమాలీ తమ్ముడికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ పదకొండేళ్లూ నేను క్రైస్తవుడినే. మా పూర్వీకులు 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజే బాప్తిస్మం పొందిన 2,222 మందిలో ఉన్నారని మా తాతగారు చెప్పేవారు. అది పెద్ద కరువు వెళ్లిన ఏడు. మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో పని ఒప్పుకుని ఆకలితో ఉన్నవారికి కూలి ఇప్పించారు. కానీ కరువు సాయం నడిచినంత కాలం బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం ఎవరూ క్రీస్తు పేరు చెప్పకూడదని ఆయన పట్టుదల. అంత జాగ్రత్తగా మొదలైన విశ్వాసాన్ని నేను తాతలనాటి పొలం లాగా అనుభవించాను. పద్నాలుగో ఏట బాప్తిస్మం తీసుకున్నాను. ఆదివారం ముందు వరసలో కూర్చునేవాడిని. దశమభాగం, అంటే సంపాదనలో పదో వంతు, సంఘానికి తప్పకుండా ఇచ్చేవాడిని. ఆ దశమభాగంలో రైతుల శనగలు ఉన్నాయని నాకు ఎప్పుడూ తట్టలేదు.

మా చర్చి సంఘంలో దేవుడు తమను ఎలా మార్చాడో అందరి ముందు సాక్ష్యం చెప్పేవారు, రక్షణకు ముందు, అంటే క్రీస్తును నమ్మి పాపం నుంచి విడుదల పొందకముందు, జీవితం అంటే తాగుడు గురించి, పేకాట గురించి, భార్యను కొట్టడం గురించి చెబుతారు. నాకు అవేవీ లేవు. కాబట్టి నాకు 'ముందు' అనేదే లేదనుకున్నాను. పుట్టుకతోనే 'తర్వాత'లో ఉన్నానని నమ్మాను. బైబిల్లో ఎఫెసు సంఘానికి రాసిన ఉత్తరంలో అపొస్తలుడు పౌలు, పాపముల చేత 'చచ్చినవారై యుండగా' అంటాడు. ఆ మాట ఎన్నోసార్లు విన్నాను, నాకు వర్తిస్తుందనుకోలేదు. చచ్చినవాడికి నొప్పి తెలియదు. ఆ పదకొండేళ్లలో నిద్ర పట్టని రాత్రి నాకు ఒక్కటి కూడా గుర్తు లేదు. నేను చచ్చి ఉన్నాననడానికి అంతకంటే వేరే గుర్తు అక్కరలేదని ఇప్పుడు తెలుసు.

మొదటి కృతజ్ఞత నా కూతురికి. 2013 మేలో తనకు తొమ్మిదేళ్లు. వేసవి బైబిలు పాఠశాలలో కంఠస్థం చేయమని ఇచ్చిన వాక్యాల్లో సామెతలు పదకొండో అధ్యాయం మొదటి వచనం ఉంది: 'దొంగత్రాసు యెహోవాకు హేయము, సరియైన గుండు ఆయనకిష్టము.' సాయంత్రం అరుగు మీద కూర్చుని వల్లె వేస్తూ, "నాన్నా, గుండు అంటే ఏమిటి?" అని అడిగింది. చూపిస్తాను రమ్మని కొట్టులోకి తీసుకెళ్లాను. తను రెండు చేతులతో ఒక గుండు ఎత్తబోయింది, కదల్లేదు. "ఇది సరియైన గుండేనా నాన్నా?" అంది. పిల్లకు ఏమీ తెలియదు, వాక్యంలో ఉన్న మాటే అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. తను వెళ్లిపోయాక కూడా చీకటి పడేదాకా అక్కడే ఉన్నాను.

ఆ రాత్రి నేను మొదటిసారి ప్రార్థన చేశాను. అంతకు ముందు నలభై ఏళ్లుగా చేసినవి ప్రార్థనలు కావని ఆ రాత్రే తెలిసింది. క్రీస్తు సిలువ మీద మోసింది లోకంలోని పాపాన్ని మాత్రమే కాదు, నా అయిదు గుండ్లనూ మోశాడని గ్రహించి ఏడ్చాను. తెల్లవారేసరికి క్షమాపణ దొరికిందన్న నిశ్చయం కలిగింది. అప్పటికి నేను ఒక్క రూపాయి కూడా తిరిగి ఇవ్వలేదు. ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే ఆ డబ్బు కట్టి రక్షణ కొనుక్కున్నానని మా బంధువుల్లో కొందరు ఇప్పటికీ అనుకుంటున్నారు.

రెండో కృతజ్ఞత మా పాస్టరు గారికి. ఆ ఆదివారమే సాక్ష్యం చెబుతానని వెళ్లాను. ఆయన నన్ను పక్కకు తీసుకెళ్లి, "ముందు రైతుల దగ్గర చెప్పిరా. ఆ తర్వాత ఇక్కడ చెబుదువుగాని" అన్నారు. నాకు చాలా కోపం వచ్చింది. డబ్బు కడితేగాని దేవుడు క్షమించడా అని అడిగాను. ఆయన లూకా సువార్త తెరిచి, అన్యాయంగా కూడబెట్టిన సుంకరి జక్కయ్య కథ చదివించారు. యేసును చూడాలని చెట్టెక్కిన ఆ మనిషి, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానంటాడు. "యేసు జక్కయ్య ఇంటికి వెళ్లింది ముందా, జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నది ముందా?" అని అడిగారు. యేసే ముందు అతని పేరు పెట్టి పిలిచాడు. చెట్టు దిగి రమ్మన్నాడు. నాలుగంతల మాట ఆ తర్వాతిది. "ఆయన లోపలికి వచ్చిన ఇంట్లో దొంగసొమ్ము ఎలా నిలుస్తుంది?" అన్నారు పాస్టరు గారు. ఇంకేమీ అనలేదు. ఆయన ఆ రోజు నన్ను వేదిక ఎక్కించి ఉంటే, చప్పట్లతో నా సంగతి అక్కడే ముగిసిపోయేది.

లెక్కలు తేల్చింది మాస్టారు. రిటైరైన లెక్కల పంతులు, మా సంఘ పెద్ద. నా ఖాతా పుస్తకాలు పదకొండూ ముందు వేసుకుని రెండు నెలలు కూర్చున్నారు. అరవై మూడు కుటుంబాలు, 5,400 క్వింటాళ్లు. క్వింటాలుకు రెండు కిలోల చొప్పున నేను తిన్నది 108 క్వింటాళ్లు. కొన్ననాటి ధర కట్టవద్దు, ఈనాటి ధర కట్టమన్నారు. క్వింటాలు మూడు వేల చొప్పున 3,24,000 తేలింది. నేనూ జక్కయ్యలాగా నాలుగంతలు ఇస్తానన్నాను. మాస్టారు ఒప్పుకోలేదు. గొర్రెను దొంగిలించి అమ్మినవాడు నాలుగు గొర్రెలు ఇవ్వాలని బైబిల్లోని నిర్గమకాండము చెబుతుంది. తప్పు తానే ఒప్పుకున్నవాడు మూలధనానికి అయిదో వంతు కలిపి ఇవ్వాలని లేవీయకాండమూ సంఖ్యాకాండమూ చెబుతాయి. "నాలుగంతలు నీ దగ్గర లేవు. ఇల్లు అమ్మి ఒక్క రోజులో గొప్పవాడివి అనిపించుకోవడం తేలిక. నెలకు మూడు వేలు ఎన్నేళ్లయినా కట్టడం కష్టం. ఆ కష్టమైనదే చెయ్యి" అన్నారు. అయిదో వంతు 64,800 కలిపి కాగితం రాశారు. 2013 ఆగస్టులో మొదటి మూడు వేలు కట్టాను.

ఊరికి చెప్పేటప్పుడు నా పక్కన నిలబడింది రామాలయం కమిటీ పెద్ద, మా వీధిలో అందరికీ పెదనాన్న. ఆయనది వేరే విశ్వాసం. ఆయన్ని కూడా మోసం చేశాను, తొమ్మిదేళ్లపాటు. ముందు ఆయనకే చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆయనే రావిచెట్టు కింద అందరినీ పిలిపించారు. నేను చెప్పడం మొదలుపెట్టగానే నలుగురైదుగురు లేచి మీదికి వచ్చారు. "వాడంతట వాడు వచ్చి చెబుతున్నాడు. చివరిదాకా విందాం" అని పెదనాన్న అడ్డం నిలబడ్డారు. ఊళ్లు వదిలి వెళ్లిన కుటుంబాల చిరునామాలు తెప్పించిందీ ఆయనే. పెదనాన్నగారూ, మీ అప్పు డబ్బుతో తీరేది కాదు.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. రక్షణకు ముందు ఊళ్లో నాకు మంచి పేరు ఉండేది. పెళ్లి సంబంధాలకు నా మాట అడిగేవారు. రక్షణ తర్వాత దొంగ అన్న పేరు వచ్చింది. బడిలో పిల్లలు నా కూతురిని సీసం అని పిలిచేవారు. పాతవి గతించెను, ఇదిగో క్రొత్తవాయెను అని చదివినప్పుడు ఇలా ఉంటుందని ఊహించలేదు. క్రీస్తు శిష్యులను హింసించి, తర్వాత పౌలుగా మారిన సౌలుకు దమస్కు దారిలో వెలుగు కనిపించింది సరే, ఆ తర్వాత యెరూషలేములో శిష్యులెవరూ అతన్ని నమ్మలేదు, భయపడ్డారు. బర్నబా అనే శిష్యుడు చెయ్యి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాల్సి వచ్చింది. అంతకు ముందు దమస్కులో అననీయ అనే సామాన్య శిష్యుడు, తమను పట్టి బంధించడానికి వచ్చిన మనిషి మీద చేతులుంచి 'సౌలా, సహోదరుడా' అన్నాడు. ఆ పిలుపు విలువ నాకు తెలుసు. ఊరంతా మొహం తిప్పుకున్న రోజుల్లో హమాలీ తమ్ముడు ఒక ఉదయం మా గుమ్మం ముందుకు వచ్చి, "అన్నా, నేనూ చూస్తూ ఊరుకున్నాను కదా. పద, ఇద్దరం కలిసి వెళ్దాం" అన్నాడు. ప్రతి ఇంటికీ నాతో వచ్చాడు.

ఆ ఇళ్లలో రెండింటి గురించి చెబుతాను. ఒక పెద్దమ్మ డబ్బు ఒళ్లో పెట్టుకుని అన్నది: "ఇంట్లో కుంచంతో కొలిస్తే ఒక లెక్క, నీ త్రాసులో ఇంకొక లెక్క వచ్చేది నాయనా. మా ఆయనకు కొలవడం రాదని పోట్లాడేదాన్ని." ఆయన పోయి అప్పటికి మూడేళ్లు. ఆ పోట్లాటలకు మాస్టారి కాగితంలో అంకె లేదు. నేను నేల మీద కూలబడితే ఆ తల్లే మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. పెద్దమ్మా, నీకు నా నమస్కారం. ఇంకొక అన్న డబ్బు లెక్కపెట్టుకుని, "ఇది నాది కాబట్టి తీసుకుంటున్నాను. క్షమించమని మాత్రం అడగకు" అని తలుపు వేసుకున్నారు. ఇప్పటికీ నాతో మాట్లాడరు. ఆయనకూ కృతజ్ఞతలు. క్షమాపణ నాకు రావలసిన హక్కు కాదని ఆ తలుపు దగ్గర నేర్చుకున్నాను. దేవుడు ఇచ్చినదాన్ని నేను అంత తేలికగా తీసుకున్నానేమోనని ఆ రాత్రి భయం వేసింది.

మూడో ఏట వానలు లేవు, నా మనసు జారింది. పాత వ్యాపారి ఒకరు భాగస్వామ్యానికి పిలిచారు. వెళ్దామనుకున్నాను. రక్షణ పొందినవాడికి ఇలాంటి ఆశ ఎందుకు పుడుతుందని మాస్టారిని అడిగాను. ఆయన జాన్ న్యూటన్ సంగతి చెప్పారు. 1748లో సముద్రపు తుఫానులో దేవుణ్ణి వేడుకున్న ఆ ఇంగ్లండు నావికుడు, ఆ తర్వాత కూడా 1754 వరకు బానిసలను మోసే ఓడలు నడిపాడు. కృపను గురించి లోకమంతా పాడుకునే పాట రాసినవాడు, ఆ వ్యాపారంలో తన పాపాన్ని అచ్చులో ఒప్పుకునేసరికి 1788 వచ్చింది. "నీతిమంతుడని తీర్పు ఒక్క క్షణంలో వస్తుంది. పరిశుద్ధపరచడం ఊపిరి ఉన్నంతకాలం సాగుతుంది. కానీ ఆలస్యాన్ని సాకుగా చేసుకోకు. ఓడ అడుగున ఉన్నవారు ఆ ఏళ్లన్నీ ఏడుస్తూనే ఉన్నారు" అన్నారు. నేను ఆ వ్యాపారి దగ్గరికి వెళ్లలేదు.

నా భార్యకు ఏమని చెప్పను? విషయం విన్న రోజు, "మనం తిన్న ప్రతి ముద్దలోనూ ఆ సీసం ఉందన్నమాట" అని వారం రోజులు నాతో మాట్లాడలేదు. తర్వాత తనే రెండు గేదెలు కొనమంది. నెలనెలా మూడు వేలు ఎక్కువగా ఆ పాల నుంచే వచ్చాయి. లీటరు కొలిచాక కొసరు పోయకుండా ఎవరి గిన్నెనూ పంపలేదు. అంత కొసరు ఎందుకని ఒకసారి అడిగితే, నా మొహంలోకి చూసి ఊరుకుంది.

గుండ్ల అడుగున ఉన్న సీసాన్ని మాస్టారి ముందే కరిగించి తీయించాను. అయిదింటిదీ కలిపితే రెండు కిలోలు, అరచేతిలో పట్టేంత ముద్ద. అది మా ఇంట్లో బైబిలు పక్కనే ఉంటుంది.

అరవై మూడు కుటుంబాల్లో అరవై రెండింటికి స్వయంగా వెళ్లి ఇచ్చాను. ఒక్క కుటుంబం దొరకలేదు. 2004, 2005 ప్రాంతంలో మాకు శనగలు అమ్మి, బోర్లు ఎండిపోయాక పొలం అమ్ముకుని వలస వెళ్లిన అన్నదమ్ములిద్దరు. వారి వాటా మాస్టారి దగ్గర భద్రంగా ఉంది. ఇది చదివేవారిలో మా ఊరివారు ఎవరైనా వారిని ఎరిగి ఉంటే మాస్టారికి ఒక మాట చెప్పండి. ఎంత దూరమైనా నేనే వస్తాను.